పెళ్లింట్లో గ్లిటర్ గోళ్లు: ముందు ఆ జెల్ కిట్ పక్కన పెట్టండి

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. గోళ్లకు రంగులు వేయడం, డిజైన్లు చేయడం నాకు చాలా ఇష్టం. ఈ మధ్య ఆన్‌లైన్‌లో జెల్ కిట్ తెప్పించుకున్నాను. అందులో చిన్న ల్యాంప్, కొన్ని రంగులు, గ్లిటర్ జెల్ ఉన్నాయి. గ్లిటర్ జెల్ రెండు మూడు రోజులకే రేకుల్లా ఊడి వస్తోంది. ఊడినదాన్ని లాగేసి మళ్లీ వేస్తున్నాను. కిందటిసారి వేసిన మర్నాటి నుంచి గోళ్ల చుట్టూ ఎర్రబడి దురద పెడుతోంది. కనురెప్పలు కూడా కాస్త వాచాయి. ఫిబ్రవరిలో మా అక్క పెళ్లి. అక్కకు, పిన్నులకు, అన్నయ్య కూతురు అయిన ఆరేళ్ల మేనకోడలికి నేనే గోళ్లు అలంకరిస్తానని మాటిచ్చాను. అమ్మ మాత్రం ‘గోరింటాకు ఉండగా ఈ మందులెందుకు’ అంటోంది. గ్లిటర్ నిలవాలంటే ఏం చేయాలి? దురదకు ఏ క్రీమ్ రాయాలి? స్నేహితురాళ్లు డబ్బిచ్చి చేయించుకుంటామంటున్నారు, మొదలుపెట్టవచ్చా?
— పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: మీరు గ్లిటర్ గురించి ముందు అడిగారు, దురద గురించి తరువాత అడిగారు. నేను దురదతోనే మొదలుపెడతాను. ఈ రోజు నుంచి జెల్ సీసా మూత తీయకండి. మీ గోళ్లకే కాదు, ఎవరి గోళ్లకు వేయడానికీ తీయకండి. గోళ్ల చుట్టూ ఎరుపు, దురద, దాంతోపాటు కనురెప్పల వాపు కలిసి వచ్చాయంటే జెల్‌లోని పదార్థాలు పడలేదేమోనని గట్టిగా అనుమానించాలి. అది అలర్జీయా కాదా అని తేల్చాల్సింది చర్మవైద్యులు. వారు తేల్చేదాకా జెల్ ముట్టకపోవడం మీ చేతిలో ఉన్న పని.

కనురెప్పలకు జెల్ రాయలేదు కదా అని మీకు అనిపించి ఉండవచ్చు. మనకు తెలియకుండానే రోజంతా వేళ్లతో కళ్లు నలుపుకుంటాం, మెడ గోక్కుంటాం, చెంపకు చేయి ఆనించి కూర్చుంటాం. కనురెప్పల చర్మం చాలా పలచన. అందుకే గోళ్ల రంగు పడనివాళ్లలో చాలామందికి ఇబ్బంది ముందుగా రెప్పల మీద, మెడ మీద బయటపడుతుంది. మామూలు నెయిల్ పాలిష్‌లో వాడే ఒక రకం రెసిన్ కూడా కొందరికి ఇలాగే చేస్తుంది. కాబట్టి మీ గోళ్లకు మాత్రం వైద్యులు చూసేదాకా ఏ రంగూ వద్దు.

క్రీమ్ పేరు నేను చెప్పను, మందుల దుకాణంలోనూ అడగకండి. దురద అనగానే అక్కడ చేతిలో పెట్టేది చాలాసార్లు స్టెరాయిడ్ క్రీమ్ అయి ఉంటుంది. వైద్యుల సలహా లేకుండా దాన్ని వాడితే, ముఖ్యంగా కనురెప్పల మీద రాస్తే, ఉన్న ఇబ్బందికి కొత్త ఇబ్బంది తోడవుతుంది.

జెల్‌ను ఇంత గట్టిగా వద్దంటున్నానంటే కారణం తెలియాలి. మామూలు నెయిల్ పాలిష్ ఆరుతుంది. అందులోని ద్రావకాలు గాలిలో కలిసిపోతే నైట్రోసెల్యులోజ్ పొర గోరు మీద మిగులుతుంది. జెల్ అలా ఆరదు. అందులో ఎక్రిలేట్, మెథాక్రిలేట్ అనే పదార్థాలు ఉంటాయి. ల్యాంప్ నుంచి వచ్చే అతినీలలోహిత కాంతి తగలగానే అవి ఒకదానితో ఒకటి ముడిపడి ప్లాస్టిక్ లాంటి గట్టి పొరగా మారతాయి. పూర్తిగా ముడిపడ్డాక వాటితో పెద్దగా గొడవ లేదు. ముడిపడకుండా పచ్చిగా ఉన్న జెల్ చర్మానికి తగలడమే అసలు ప్రమాదం. ఒకసారి తగిలితే ఏమీ కాకపోవచ్చు. పదే పదే తగిలితే శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ గుర్తు సాధారణంగా జీవితాంతం పోదు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఈ జాతి పదార్థాలు గోళ్ల రంగులో మాత్రమే ఉండవు. పంటి రంధ్రాలు పూడ్చే మిశ్రమాల్లో, కీళ్ల మార్పిడి ఆపరేషన్లలో వాడే ఎముక సిమెంటులో, చర్మానికి అంటించే కొన్ని వైద్య పరికరాల జిగురులో కూడా ఇవి ఉంటాయి. ఇరవై ఏళ్ల వయసులో గోళ్ల మెరుపు కోసం తెచ్చుకున్న అలర్జీ తరువాత ఎప్పుడో దంతవైద్యుల కుర్చీలో అడ్డు తగలవచ్చు. బ్రిటన్‌లో చర్మవైద్యుల సంఘం 2018లో ఈ విషయం మీద హెచ్చరిక చేసింది. అలర్జీ పరీక్షలకు వచ్చినవారిలో 2.4 శాతం మందికి ఇలాంటి పదార్థాల్లో కనీసం ఒకటి పడదని అప్పుడు తేలింది. ఇంట్లో సొంతంగా వాడుకునే కిట్‌ల గురించి వారు ప్రత్యేకంగా ఆందోళన పడ్డారు. జెల్ సీసాల మీద ‘హెమా’ అని కనిపించే పదార్థం వీటిలో ముఖ్యమైనది. ఐరోపా సమాఖ్య దేశాల్లో హెమా ఉన్న గోళ్ల ఉత్పత్తులను శిక్షణ ఉన్నవారు మాత్రమే వాడాలని 2021 నుంచి నిబంధన ఉంది. జెల్ గట్టిపడడానికి కలిపే ‘టీపీఓ’ అనే మరో పదార్థాన్ని అక్కడ 2025 సెప్టెంబరు 1 నుంచి సౌందర్య సాధనాల్లో పూర్తిగా నిషేధించారు. మీ కిట్ సీసాల మీద పదార్థాల పట్టిక ఉందేమో చూడండి. పట్టికే లేని సీసా ఎంత చవకగా వచ్చినా దాన్ని గోటి మీద పెట్టకూడదని నా అభిప్రాయం.

మీ గ్లిటర్ ఎందుకు ఊడుతోందో ఇప్పుడు చెప్పడం తేలిక, ఎందుకంటే ఊడడానికీ దురదకూ మూలం చాలావరకు ఒకటే. గ్లిటర్ అంటే సన్నగా కత్తిరించిన ప్లాస్టిక్ పొర. చాలా రకాల్లో దాని మీద అల్యూమినియం పూత ఉంటుంది. కాంతిని వెనక్కి కొట్టడమే దాని పని, మనం ముచ్చటపడే మెరుపు అదే. ల్యాంప్ కాంతిని కూడా అది అలాగే వెనక్కి కొడుతుంది. గ్లిటర్ ఎక్కువగా కనిపించాలని ఒకేసారి మందంగా వేస్తే కాంతి అడుగుదాకా దిగదు. పైన గట్టిపడి లోపల పిండి పచ్చిగా మిగిలిన ఇడ్లీలా ఉంటుంది ఆ పొర. కిట్‌తో వచ్చే అరచేతిలో పట్టే ల్యాంప్‌కు శక్తి తక్కువ. పైగా నాలుగు వేళ్లతోపాటు బొటనవేలు కూడా లోపల పెడితే అది పక్కకు వాలిపోయి దాని గోటికి కాంతి సరిగా తగలదు. ముందుగా బొటనవేలి జెల్ ఊడుతుంటే కారణం అదే. అడుగున పచ్చిగా ఉన్న జెల్ గోటికి పట్టదు, ఊడుతుంది. ఊడకముందు, ఊడుతున్నప్పుడు, మీరు లాగుతున్నప్పుడు ఆ పచ్చి పదార్థం చర్మానికి తగులుతూనే ఉంటుంది.

లాగడం గురించి ఇంకో మాట. జెల్‌ను లాగితే అది ఒంటరిగా రాదు, గోటి పై పొరలను కూడా పట్టుకుని వస్తుంది. తరువాత గోరు తెల్లటి మచ్చలతో గరుకుగా, పలచగా కనిపిస్తుంది. చేతి గోరు నెలకు దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మొదలు నుంచి చివరిదాకా కొత్త గోరు రావడానికి ఆరు నెలలు పడుతుంది. లాగి పాడుచేసిన పొరకు మందు లేదు, పెరిగి పోవాల్సిందే. ఇప్పుడు మీ గోళ్ల మీద జెల్ ఇంకా మిగిలి ఉంటే, చర్మం ఎర్రగా పగిలి ఉన్నప్పుడు అసిటోన్ (గోళ్ల రంగు తీసే ద్రావకం)లో నానబెట్టకండి. అది మంట పుట్టిస్తుంది, ఇంకా ఎండబెడుతుంది. లేచిన అంచులు దుస్తులకు తగులుకోకుండా జాగ్రత్తగా కత్తిరించి, తొలగించే విషయం వైద్యులనే అడగండి. లేచిన జెల్ కింద గోటి మీద ఆకుపచ్చ మచ్చ కనిపిస్తే దాని మీద మళ్లీ రంగు వేసి కప్పవద్దు. తడి చిక్కుకుని బాక్టీరియా పెరిగిందని దాని అర్థం, అదీ వైద్యులకు చూపించాల్సిందే.

గ్లౌజులు వేసుకుని అక్కకు జెల్ వేస్తానని మీకు ఆలోచన రావచ్చు. అలర్జీ అనుమానం ఉన్నప్పుడు అదీ వద్దు. ఈ పదార్థాలు మామూలు పలచటి గ్లౌజుల్లోంచి నిమిషాల్లోనే లోపలికి దిగుతాయి.

ఇక పెళ్లి. అక్కకు కూడా జెల్ వద్దనే నా సలహా. మీ అలర్జీతో సంబంధం లేకపోయినా ఇదే చెప్పేదాన్ని. జెల్ రెండు వారాలు నిలుస్తుంది, దాని గొప్పతనమే అది. పెళ్లికి కావాల్సింది మూడు నాలుగు రోజులు. రెండు వారాల తరువాత అక్క అత్తవారింట్లో ఉంటుంది. అప్పుడు పెరిగిన గోటి మొదట్లో ఖాళీ కనిపిస్తుంటే తీసేది ఎవరు? కొత్త ఇంట్లో కూర్చుని అసిటోన్, రేకు కాగితం పెట్టుకుని నానబెట్టుకుంటుందా? మొహమాటపడి, తోచక కూర్చుని గిల్లి పీకేసుకుంటుంది. మామూలు పాలిష్ అయితే రిమూవర్‌లో ముంచిన దూదితో కొద్ది నిమిషాల్లో తీసేసుకోవచ్చు. కొంచెం ఊడినా చెల్లెలు పక్కన కూర్చుని నిమిషంలో సరిచేయవచ్చు.

గ్లిటర్ అందం జెల్‌లో లేదు. ఎక్కడ, ఎంత వేశామన్న దానిలో ఉంది. అందుకే మీ చేతిలో ఉన్న కళకు జెల్ అవసరం లేదని ధైర్యంగా చెబుతున్నాను. ‘జెల్ లాంటి మెరుపు’ అని రాసి ఉండే పాలిష్‌లు దుకాణాల్లో దొరుకుతాయి. ల్యాంప్ అవసరం లేదని వాటి మీద ఉంటే అవి మామూలు పాలిష్ జాతివే. అలాంటి టాప్ కోట్ (రంగు మీద చివరగా వేసే పారదర్శకమైన పొర) ఒకటి మంచిది కొనండి. రంగుల మీద కన్నా దాని మీద డబ్బు పెట్టడం మేలు.

మన పెళ్లిలో గోళ్లకు ముందున్న పెద్ద పరీక్ష పసుపు. నలుగు పెడతారు, మంగళస్నానం చేయిస్తారు, తలంబ్రాల బియ్యం కూడా పసుపుతో తడిసి ఉంటాయి. లేత రంగు, తెలుపు, పారదర్శకమైన పొరల మీద పసుపు వెంటనే పడుతుంది. అందువల్ల క్రమం చాలా ముఖ్యం. ముందు గోరింటాకు. అది పండాక నలుగు, స్నానాలు అన్నీ కానివ్వండి. స్నానం చేసిన వెంటనే గోళ్లు పట్టుకోకండి. గోరు నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరాక మళ్లీ కుదించుకుంటుంది, ఉబ్బిన గోటి మీద వేసిన రంగు అప్పుడు పగులుతుంది. కొన్ని గంటలు ఆగి వేయండి. గోరింటాకు బాగా పండాలని నీలగిరి తైలమో కొబ్బరినూనో రాసి ఉంటారు. నూనె జిడ్డు ఏ కొంచెం ఉన్నా పాలిష్ నిలవదు. రిమూవర్‌లో ముంచిన దూదితో గోటిని మాత్రమే, చుట్టూ చర్మం మీది గోరింటాకు జోలికి పోకుండా, తుడవండి. ముహూర్తం అర్ధరాత్రి దాటాక అయితే ఆ రోజు మధ్యాహ్నానికే ముగించాలి. పాలిష్ పైకి కొద్ది నిమిషాల్లో ఆరినట్టు కనిపించినా లోపల గట్టిపడడానికి గంటలు పడుతుంది. త్వరగా పడుకుంటే దుప్పటి నేత గోటి మీద అచ్చు పడుతుంది.

గోరింటాకు గోటిని కూడా ఎర్రగా పండిస్తుంది, ఆ ఎరుపు గోరు పెరిగేదాకా పోదు. దాని మీద లేత గ్లిటర్ వేస్తే అడుగు రంగు కనబడి మురికిగా ఉంటుంది. రెండు దారులు ఉన్నాయి. నిండుగా కప్పే ముదురు రంగు వేయడం ఒకటి. పండిన గోటి ఎరుపునే అడుగు రంగుగా తీసుకుని పైన బంగారు గ్లిటర్ మాత్రం వేయడం రెండోది. నాకు రెండోది ఎంతో ఇష్టం. గోరింటాకు ఎరుపు మీద బంగారం ఎంత అందంగా ఉంటుందో ఒక గోటి మీద వేసి చూడండి. అమ్మ ‘గోరింటాకు ఉండగా’ అన్నారు కదా, ఆమె మాటకూ విలువ దక్కుతుంది.

డిజైన్ విషయానికి వస్తే, అక్క చీరను పక్కన పరచుకుని కూర్చోండి. గద్వాల చీరలో ఒళ్లు సాదాగా ఉండి అంచు జరీతో నిండుగా ఉంటుంది. గోటికి కూడా అదే పద్ధతి బాగా నప్పుతుంది. గోరంతా ఒకే రంగు, చివరన మాత్రం బంగారు గ్లిటర్ అంచు. అంచు తిన్నగా రావడానికి, అడుగు రంగు పూర్తిగా ఆరాక సెల్లోటేప్ ముక్కను ముందు అరచేతికి ఒకసారి అంటించి జిగురు తగ్గించి, గోటి మీద అడ్డంగా పెట్టండి. టేప్ అవతల గ్లిటర్ అద్ది, అది తడిగా ఉండగానే టేప్ తీసేయండి. ఆరేదాకా ఆగితే అంచు రంపపు పళ్లలా చీలుతుంది. మధుపర్కాల మీద గోళ్లు కనిపించాలంటే తెల్లటి గోరు, ఎర్రటి అంచు, మధ్యలో సన్నటి బంగారు గీత చాలా బాగుంటాయి. కానీ తలంబ్రాల పసుపు తెలుపు మీద పడుతుందని చెప్పాను కదా. తెలుపు వేయాలనుకుంటే పైన టాప్ కోట్ రెండుసార్లు వేయండి, తలంబ్రాలు కాగానే తడి గుడ్డతో తుడవండి. అప్పటికీ పచ్చదనం మిగిలితే కంగారు వద్దు, పసుపు మరక ఎండ తగిలితే మెల్లగా వెలుస్తుంది.

గ్లిటర్ నిండుగా రావాలంటే బ్రష్‌తో పూయకండి. బ్రష్‌తో ఎన్నిసార్లు గీసినా పారదర్శకమైన ద్రవం పరుచుకుంటుంది గాని రేణువులు అక్కడక్కడే మిగులుతాయి. చిన్న స్పాంజి ముక్క తీసుకుని దాని మీద గ్లిటర్ పాలిష్ పెట్టండి. స్పాంజి ద్రవాన్ని పీల్చుకుంటుంది, రేణువులు పైన నిలుస్తాయి. ఆ స్పాంజితో గోటి మీద మెల్లగా అద్దండి. గోటి చివర చిక్కగా అద్ది, గోటి మొదలు వైపు వస్తున్నకొద్దీ పలచబరిస్తే ఒక రంగులోంచి మరో రంగులోకి కరిగినట్టు వస్తుంది. చివర మెరుపు ఎక్కువగా ఉండే ఈ డిజైన్‌లో అంచు కాస్త ఊడినా కనిపించదు, పెళ్లి హడావుడిలో చేతులు ఎక్కడెక్కడో తగులుతాయి కాబట్టి ఇది ఎంతో ఆదుకుంటుంది. గోటి మొదట్లో చంద్రవంక ఆకారంలో గ్లిటర్ పెట్టడం కూడా చూడముచ్చటగా ఉంటుంది, కానీ అది చర్మానికి దగ్గర కాబట్టి చేతి నిలకడ కావాలి. పెద్ద రేణువులు, నక్షత్రాలు ఉంటే వాటిని టూత్‌పిక్ తడిపి ఒక్కొక్కటిగా ఎత్తి పెట్టండి.

పిన్నులకు చుక్కల ముగ్గు వేయండి. తలపిన్ను గుండు తలను పాలిష్‌లో ముంచి గోటి మీద ఆనిస్తే గుండ్రటి చుక్క పడుతుంది. పెద్ద చుక్కకు పిన్ను, చిన్నదానికి టూత్‌పిక్ కొన. ముదురు ఆకుపచ్చ మీద బంగారు చుక్కలు మూడు, రెండు, ఒకటి. పది గోళ్లకూ వేయక్కరలేదు. ఉంగరపు వేలికి ఒక్కదానికి ముగ్గు పెట్టి మిగతావి సాదాగా వదిలినా కంటికి నిండుగా ఉంటుంది. పెద్దవాళ్లు అలాంటిదే ఇష్టపడతారు.

నిలవడం గురించి అడిగారు. ఎప్పుడూ పలచటి పొరలు. బేస్ కోట్ (రంగుకు ముందు వేసే అడుగు పొర) ఒకటి, రంగు రెండు, గ్లిటర్, టాప్ కోట్ రెండు. గ్లిటర్ మీద మొదటి టాప్ కోట్ రేణువుల మధ్య సందుల్లోకి దిగిపోతుంది, రెండోది వేస్తేనే నున్నగా వస్తుంది. ప్రతి పొరతోనూ గోటి అంచు మందం మీద కూడా బ్రష్‌ను ఒకసారి నడపండి. రంగు ఊడడం ఎప్పుడూ ఆ అంచు దగ్గరే మొదలవుతుంది. గోటి మొదట్లో, పక్కల్లో వెంట్రుకంత ఖాళీ వదలండి. రంగు చర్మం మీదికి పాకితే అక్కడి నుంచే లేస్తుంది. క్యూటికల్‌ను కత్తిరించకండి, అది గోటి మొదట్లో క్రిములు దూరకుండా కాసే పొర. దాన్ని కోసుకుని గోరుచుట్టు తెచ్చుకుంటే పెళ్లి రోజున కొంగుముడి పట్టుకోవడం కూడా బాధే. స్నానం తరువాత మెత్తగా ఉన్నప్పుడు తువ్వాలుతో కొద్దిగా వెనక్కి నెడితే చాలు. గోళ్లు పొట్టిగా, కొస గుండ్రంగా ఉండనివ్వండి. చేత్తో అన్నం కలుపుకుని తినే మనకు పొడవాటి గోళ్ల కింద పప్పు, పచ్చడి చేరతాయి, రంగు అంచులూ త్వరగా నానతాయి.

గ్లిటర్ పొడి విడిగా కొంటే సౌందర్య సాధనాల కోసం చేసినదే కొనండి. బొమ్మలకు, శుభాకాంక్షల కార్డులకు వాడే పొడి వద్దు. దాని రంగు పాలిష్ ద్రావకంలో కరిగి కారిపోతుంది, ముక్కల అంచులూ పదునుగా ఉంటాయి. కంటిలో పడితే కంటి పై పొరను గీయవచ్చు. ఫ్యాన్ ఆపి, పళ్లెంలో పాత కాగితం పరచి పని చేయండి. వంటింట్లో మాత్రం వద్దు.

తీసేటప్పుడు గ్లిటర్ పాలిష్ చాలా మొండిగా ఉంటుంది. రుద్దితే గోరు గీరుకుంటుంది. రిమూవర్‌లో ముంచిన దూదిని గోటి మీద పెట్టి రేకు కాగితం చుట్టి ఐదు నిమిషాలు ఉంచి, నొక్కి ఒక్క లాగుతో తుడవాలి. రిమూవర్, అసిటోన్ చాలా త్వరగా అంటుకుంటాయి. దీపం, అగరువత్తి, పొయ్యి ఉన్న గదిలో సీసా తెరవకండి. పెళ్లి ఇంట్లో ఎక్కడ చూసినా ఏదో ఒకటి వెలుగుతూనే ఉంటుంది కాబట్టి ఇది మరీ మరీ చెబుతున్నాను.

మీ స్నేహితురాళ్లలో జెల్ పడేవాళ్లు ఉంటారు, ఇది చదివే ఇతరులూ ఇంట్లో వాడుతుంటారు. వారి కోసం కొంత చెప్పాలి. ల్యాంప్, జెల్ ఒకే సంస్థవి అయి ఉండాలి. ప్రతి జెల్ తనకు సరిపడే కాంతికి, సమయానికి తయారవుతుంది. ఒకరి జెల్‌ను మరొకరి ల్యాంప్ కింద పెడితే పైకి గట్టిగా కనిపించి లోపల పచ్చిగా మిగలవచ్చు. చర్మానికి జెల్ తగిలితే ల్యాంప్ కింద పెట్టకముందే కర్రపుల్లతో, ఆల్కహాల్ తడిపిన దూదితో పూర్తిగా తుడిచేయాలి. పొర ఎంత పలచగా ఉంటే అంత మంచిది. మందంగా వేస్తే గట్టిపడేటప్పుడు వేడి పుట్టి గోరు చురుక్కుమంటుంది, అప్పుడు చేయి వెంటనే బయటికి తీయాలి. గ్లిటర్‌ను జెల్‌లో కలిపి దట్టంగా పూయడం కన్నా, పలచటి జెల్ పొర వేసి అది తడిగా ఉండగా పొడిని పైన అద్ది, ల్యాంప్ కింద పెట్టి, మిగిలిన పొడి దులిపి, టాప్ కోట్ వేయడం మేలు. బొటనవేళ్లు రెండూ చివర్లో విడిగా పెట్టాలి. గట్టిపడ్డాక పైన మిగిలే జిగట మామూలే, గాలిలోని ఆక్సిజన్ వల్ల ఆ పై పొర ముడిపడకుండా ఉండిపోతుంది. దాన్ని వేలితో తాకి చూడకూడదు, ఆల్కహాల్‌తో తుడవాలి. తీసేటప్పుడు పై పొరను ఫైల్‌తో గీరి, అసిటోన్ దూదితో పది పదిహేను నిమిషాలు నానబెట్టి, మెత్తబడ్డాకే కర్రపుల్లతో నెట్టాలి. రాకపోతే మళ్లీ నానబెట్టాలి.

ల్యాంప్ కాంతి గురించి కూడా భయం ఉంది. 2023లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియాగో పరిశోధకులు ప్రయోగశాలలో కణాల మీద ఇలాంటి ల్యాంప్ కాంతి ప్రసరింపజేసి చూశారు. ఒక్కసారి 20 నిమిషాలు తగిలితే 20 నుంచి 30 శాతం కణాలు చనిపోయాయి, మిగిలినవాటిలో డీఎన్‌ఏ దెబ్బతింది. గాజు పళ్లెంలోని కణాలకు అయినదే మనుషుల చేతులకు అవుతుందని దాంతో తేలలేదు. అయినా వేళ్ల కొనలు కత్తిరించిన గ్లౌజులు వేసుకోవడం, లేదా 20 నిమిషాల ముందు చేతి వెనకవైపు సన్‌స్క్రీన్ రాసుకుని గోటి మీద పడినదాన్ని తుడిచేయడం పెద్ద పని కాదు. మొటిమలకు డాక్సీసైక్లిన్ లాంటి మందు వాడుతున్నవారి చర్మం కాంతికి త్వరగా కమిలిపోతుంది, వారు ల్యాంప్ జోలికి పోకుంటే మంచిది.

ఆరేళ్ల మేనకోడలికి జెల్ అసలే వద్దు. ఆ వయసు పిల్లలు వేళ్లు నోట్లో పెట్టుకుంటారు, కళ్లు నలుపుకుంటారు. అందుకే గ్లిటర్ కూడా వద్దంటాను. చిటికెన వేళ్లకు ఇంట్లో నూరిన గోరింటాకు పెట్టండి, మిగతా గోళ్లకు పిల్లల కోసం చేసే, నీటితో తయారైన రంగు వేయండి. ఆమె దృష్టిలో అత్త కూర్చోబెట్టి వేయడమే పెద్ద పండుగ. గోరింటాకు విషయంలో మీ అమ్మ పక్షమే నేనూ. అయితే నల్లగా పండుతుందని అమ్మే కోన్‌లు కొనకండి. వాటిలో జుట్టుకు వేసే రంగు రసాయనం కలిసి ఉండవచ్చు, బొబ్బలు లేస్తాయి. మీ చర్మం ఇప్పటికే అలిగి ఉంది కాబట్టి ఈసారి మీరు ఆకు నూరినది కూడా పెట్టుకోకుండా ఉండటమే మంచిది.

డబ్బు తీసుకుని చేయడం గురించి: జెల్‌తో వద్దు. మీ చేతుల కోసం వద్దు, శిక్షణ లేకుండా ఇతరుల చర్మంతో పని కాబట్టి కూడా వద్దు. మామూలు పాలిష్‌తో, గ్లిటర్‌తో చేతి డిజైన్లు వేయడానికి మాత్రం నిరభ్యంతరంగా మొదలుపెట్టండి, దురద పూర్తిగా తగ్గాక. కాళ్ల పారాణితోపాటు గోళ్ల అలంకరణ చేసేవాళ్ల కోసం పెళ్లిళ్ల కాలంలో వెతుకుతూనే ఉంటారు. ఫైల్, కర్రపుల్ల, స్పాంజి ఒకరికి వాడినది మరొకరికి వాడకండి. ఎవరి గోటికైనా పసుపుపచ్చ మందం, పుండు, వాపు కనిపిస్తే డబ్బు వదులుకుని వైద్యుల దగ్గరికి పంపండి.

పెళ్లి పనుల్లో పడి మీ సంగతి వాయిదా వేయకండి. ఈ వారమే చర్మవైద్యులను కలవండి. వెళ్లేటప్పుడు కిట్‌లోని సీసాలన్నీ, వాటి పెట్టెతో సహా, గట్టిగా మూతలు బిగించి సంచిలో పెట్టి తీసుకెళ్లండి. ఎరుపు తగ్గకముందే వేళ్లకు, రెప్పలకు ఫోన్‌లో ఫొటోలు తీసి ఉంచండి. పాచ్ టెస్ట్ చేస్తారా అని మీరే అడగండి. అందులో అనుమానం ఉన్న పదార్థాలను వీపు మీద చిన్న పట్టీలుగా అంటించి, రెండు రోజులకు, ఆ తరువాత మళ్లీ ఒకసారి చూస్తారు. ఏ పదార్థం పడలేదో తేలితే దాని పేరు కాగితం మీద రాయించుకుని దాచుకోండి. దంతవైద్యుల దగ్గరికి వెళ్లినా, ఏదైనా ఆపరేషన్ అవసరం పడినా ముందుగా ఆ కాగితం చూపించండి.